ఆఫ్ రోడ్డు శాంక్షనైంది

మారుమూల మార్గాల అభివృద్ధి సంస్థ ఛైర్మన్, కేబినెట్ హోదా కలిగిన గౌరవనీయులు జితేందర్ గారు జగిత్యాలలో ప్రెస్‌మీట్ పెట్టి, ఒర్రెగడ్డ ప్రజల ముప్పై ఏళ్ల కల నెరవేరబోతున్నదని ప్రకటించారు.

"ఒర్రెగడ్డ కోసం ఆఫ్ రోడ్ శాంక్షన్ చేయించిన. వానలు పడకముందే అది మీ ఊర్లె ఉంటది. ఇది జితేందర్ మాట," అని ఆయన బల్ల గుద్దారు. బల్ల మీది మైకులన్నీ ఒకసారి ఎగిరి, మళ్లీ ఆయన వైపే తిరిగి కూర్చున్నాయి.

ఒర్రెగడ్డ మా ఊరు. ఇబ్రహీంపట్నం మండలంలో, తారు రోడ్డు నుంచి రెండున్నర కిలోమీటర్ల లోపల ఉంటుంది. ఆ రెండున్నర కిలోమీటర్లలో రాళ్లు, గుంతలు, నడుమ వాన నీరు పారే ఒక ఒర్రె ఉన్నాయి. రోడ్డు ఒక్కటే లేదు. ఆటోవాళ్లు తారు మీదనే ఆగి, మిగతాది మాకు చెయ్యి పెట్టి చూపిస్తారు.

ఊరందరికీ రోడ్డు కావాలి. మా మరిది రాజేశానికి మాత్రం అది మందులాగా కావాలి. పదకొండేళ్లు దుబాయిలో ఇనుప రాడ్లు మోసి, రెండు కిడ్నీలు పాడైపోయి ఇంటికి వచ్చాడు. మంగళ, గురు, శనివారాలు కోరుట్లలో డయాలిసిస్. పది గంటలకు అతని మిషన్. పదిన్నర దాటితే ఆ మంచం మీద ఇంకొకరు పడుకుంటారు, రాజేశం ఒంట్లో నీరు ఒంట్లోనే ఉండిపోతుంది. ఒకసారి అట్లా జరిగితే కాళ్లు మొద్దుల్లా వాచి, ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అప్పటినుంచి పంచాయతీవాళ్లు జాలిపడి, రోడ్డు లేని ఊరు కాబట్టి, చెత్త ట్రాక్టరులో అతన్ని తారు దాకా దింపుతున్నారు. ఆ కుదుపులకు మనిషి దిగేసరికి సగం అవుతాడు. కానీ చేరుతాడు.

ఛైర్మన్ గారి ప్రకటన టీవీలో వచ్చిన సాయంత్రం పంచాయతీ ఆఫీసు ముందు ఊరంతా కూడింది.

"ఆఫ్ రోడ్ అంటే సగం రోడ్డు. ఆఫ్ టికెట్ అన్నట్టు," అని లచ్చయ్య అర్థం చెప్పాడు. లచ్చయ్య పాత వార్డు మెంబరు. ఇంగ్లీషు మాటలు ఊర్లోకి వస్తే ముందు ఆయన దగ్గరికే వెళ్తాయి.

"ఎటుదిక్కు సగం?" అని ఎవరో అడిగారు.

"మన దిక్కు సగం. ఊర్ల నుంచి ఒర్రె దాక."

"గట్లెట్ల? తారు దిక్కు సగం ఏసుకుంటె మంచిది. ఆటో ఒర్రె దాక అస్తది."

"అసలు పొడువుల సగమా, ఎడల్పుల సగమా?" అని ఇంకొకరు సందేహం వెలిబుచ్చారు. దాని మీద గంటసేపు చర్చ జరిగింది. ఎడల్పులో సగమైతే పోయేటప్పుడు రోడ్డు మీద పోయి, వచ్చేటప్పుడు గుంతలలో రావాలని తీర్మానం చేశారు.

రాజేశం భార్య మొగిలవ్వ మాత్రం ఒక్క మాట అన్నది. "ఏ సగమైన ఏయనీ. ఒర్రె మీద ఏస్తె సాలు. మా ఆయన మిగతా సగం నడుస్తడు."

నేను కోరుట్లలో యాదగిరి సేటు సీటు కవర్ల దుకాణంలో కుట్టుపని చేస్తాను. వారం తిరగకముందే ఆఫ్ రోడ్డు స్వయంగా మా దుకాణానికి వచ్చింది. నల్లగా, ఎత్తుగా, నా భుజం దాకా టైర్లతో వచ్చి షట్టరు ముందు ఆగింది. ఛైర్మన్ గారి పీఏ మధుకర్ గారు నిచ్చెన మెట్టు మీదుగా దిగారు.

"గిదే అక్క, ఒర్రెగడ్డకు శాంక్షనైన ఆఫ్ రోడ్."

నేను బండి చుట్టూ తిరిగి చూశాను. "మరి మిగతా సగం ఏది సార్?"

"మిగతాది లోపల పెట్టాలె గదా. అందుకే మీ కాడికి తెచ్చినం," అని ఆయన నాలుగు పేజీల లిస్టు తీసి ఇచ్చారు. "సదువచ్చునా?"

"వచ్చు సార్. జర ఆలస్యంగ అచ్చింది."

"ఏం కాదు. మా అన్నకు పదవి గూడ గట్లనే అచ్చింది."

లిస్టు చదువుతుంటే ప్రజాసేవ ఎంత కష్టమో తెలిసింది. ముందర పన్నెండు అంగుళాల టచ్ స్క్రీను, వెనుక రెండు. వీపు పిసికే సీట్లు, చల్లగాలి ఊదే సీట్లు. రెండూ ఒకే సీటులో కావాలి. మోచేతి కింద ఫ్రిజ్. టీ కెటిలుకు ఇన్వర్టరు. బండి ఎటు ఒరిగినా నిటారుగా నిలబడే కప్పు హోల్డరు. ఊరు ఎంత వంకరగా ఉన్నదో డిగ్రీలలో చూపే మీటరు. బయటి శబ్దం లోపలికి రాకుండా తలుపులకు రబ్బరు షీట్లు. ప్రజల సమస్యలు వినడానికి బయట ఒక మైకు.

"తలుపులు మూస్తె లోపల ఏం వినవడది గదా సార్, మరి మైకు ఎందుకు?" అని యాదగిరి సేటు అడిగాడు.

"మైకు రికార్డు జేస్తది. స్క్రీను మీద 'మీ సమస్య నమోదైనది' అని అస్తది."

"స్క్రీను లోపలుంటది గదా. బయటోళ్లకు ఎట్ల కనవడతది?"

"నమోదైనట్టు మాకు తెలిస్తె సాలు సేటూ."

అద్దాలు నల్లవి కావడంతో ఛైర్మన్ గారు చెయ్యి ఊపితే జనానికి కనిపించదు. అద్దం దించితే ఏసీ పోతుంది. దీనికి మా ఎలక్ట్రీషియన్ సునీల్ పరిష్కారం కనిపెట్టాడు. బట్టల దుకాణం బొమ్మ చెయ్యి ఒకటి తెచ్చి, వైపరు మోటరుకు బిగించి, అద్దం బయట పెట్టాడు. బటన్ నొక్కితే తెల్లచొక్కా చెయ్యి అటూ ఇటూ ఊగుతుంది. మామూలు జనానికి ఒక స్పీడు, ఎలక్షన్లప్పుడు ఇంకో స్పీడు.

సీట్ల పని నాది. సిరిసిల్ల నేత కార్మికులకు చేయూతగా సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద నేసిన గుడ్డనే వాడాలని ఛైర్మన్ గారి ఆదేశం. కానీ గుడ్డ మీద కూర్చుంటే ఆయనకు దురద. అందుకని ముందు లెదరు వేశాను. లెదరు మాయకుండా పైన సిరిసిల్ల గుడ్డ వేశాను. గుడ్డ మాయకుండా దాని మీద ప్లాస్టిక్ కవరు వేశాను. తల ఆనుకునే చోట బంగారు దారంతో 'ప్రజల కోసమే' అని కుట్టాను. కింద మామూలుగా ఒక వరుస స్పాంజి వేస్తాం. ఒర్రెగడ్డ తొవ్వ నాకు తెలుసు కాబట్టి మూడు వరుసలు వేశాను. ఆ మూడు వరుసల పని తర్వాత తెలిసింది.

ఛైర్మన్ గారు చూడడానికి వచ్చినప్పుడు సునీల్ లోపలి లైట్లు వేసి చూపించాడు. పైకప్పు పొడుగునా, కాళ్ల కింద, తలుపుల లోపల సన్నని వెలుగు.

"రంగులు ఎన్ని?"

"అరవై నాలుగు సార్. ఫోన్ల నుంచి మార్చుకోవచ్చు."

ఛైర్మన్ గారు చాలాసేపు ఆలోచించారు. "అంటే రేపు ఎటన్న పోవాల్సి అచ్చినా వైరింగు మార్చే పని లేదు."

"లేదు సార్. రాష్ట్రంల ఉన్న పార్టీలు అన్ని కలిపినా అరవై నాలుగు గావు."

ఆయన సునీల్ భుజం తట్టారు. దూరదృష్టి ఉన్న నాయకుడిని నేను అంత దగ్గరగా చూడడం అదే మొదలు.

ఆ శనివారం ఒర్రెగడ్డలో ఆఫ్ రోడ్డు ప్రారంభోత్సవం. పక్క ఊళ్ల జనాన్ని తేవడానికి పంచాయతీ ట్రాక్టరు వెళ్లింది. బండి ఒర్రె దాటి, బొమ్మ చెయ్యి ఊపుకుంటూ వచ్చి ఊర్లో ఆగింది. దాని వెనుక రోలరు వస్తున్నదేమోనని లచ్చయ్య చాలాసేపు తొవ్వ వైపు చూశాడు. చివరికి ధైర్యం చేసి అడిగాడు.

"రోడ్డు ఏది సార్?"

ఛైర్మన్ గారు ఓపికగా వివరించారు. "రోడ్డు ఏస్తె ఒక్క ఊరికే పనికస్తది. ఈ బండి ఎన్ని ఊర్లకైన పనికస్తది. దీనికి రోడ్డే అక్కెర లేదు. రోడ్డు లేని ఊర్లు నూరు ఉండనీ, ఒక్క బండి సాలు."

"మరి మేమెట్ల పోవాలె సార్?"

"మీరెందుకు పోవుడు? నేనే అస్త గదా మీ కాడికి."

జనం చప్పట్లు కొట్టారు. పక్క ఊళ్ల నుంచి తెచ్చిన జనం ఇంకొంచెం గట్టిగా కొట్టారు.

అప్పుడు మొగిలవ్వ చీర కొంగు నడుముకు దోపుకుని ముందుకు వచ్చింది. "సార్, తొమ్మిదైంది. మా ఆయనకు పదింటికి మిషన్ ఉన్నది. ట్రాక్టరేమో మీ మీటింగుకు పాయె. ఎట్ల జేయాలె?"

కెమెరాలు ఆమె వైపు తిరిగాయి. ఛైర్మన్ గారు కెమెరాల వైపు తిరిగారు. "ఆఫ్ రోడ్‌ల మొట్టమొదటి ప్రయాణికుడు రాజేశమే. ఎక్కించుండ్రి."

మా మరిదిని నలుగురు పట్టుకుని ఎక్కించారు. ప్లాస్టిక్ కవరు చప్పుడు చేస్తే సరిచేయడానికి నన్ను కూడా వెనుక కూర్చోబెట్టారు. రోడ్ల ఏఈ ప్రవీణ మేడమ్ ఫైలు ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చున్నది. తొవ్వ పరిస్థితి మీద రిపోర్టు ఆ రోజే రాయాలట. కప్పు హోల్డరులో నిండా చాయ్ పోసి పెట్టారు.

బండి కదిలింది. సీటు రాజేశం వీపు పిసకసాగింది. చల్లగాలి ఊదింది. ఏళ్లుగా చెత్త ట్రాక్టరు అంచు పట్టుకుని నిలబడి వెళ్లిన మనిషి. వంద గజాలు పోకముందే తల 'ప్రజల కోసమే' మీద వాల్చి గుర్రు పెట్టాడు. బండి ఒర్రెలో దిగింది, ఎక్కింది. మీటరు ఇరవై రెండు డిగ్రీలు చూపించింది. చాయ్ చుక్క కూడా ఒలకలేదు. మేడమ్ కప్పు వైపు చూసి రాసింది, రాజేశం వైపు చూసి రాసింది.

తారు దగ్గర లేపారు. మధుకర్ గారు ఫోను కెమెరా ముందు పెట్టారు.

"రోడ్డు ఎట్లున్నది పెద్దాయనా?"

రాజేశం కళ్లు నులుముకున్నాడు. "నాకేం తెలువలే సారూ. ఎప్పుడచ్చినమో గూడ తెలువలే. మస్తు నిద్ర పట్టింది."

"గదే, గదే చెప్పు. ఇగ ఈడ సంతకం పెట్టు."

పెట్టాడు. అక్కడినుంచి ఆటోలో పంపారు, తారు మీద నడిస్తే ఆఫ్ రోడ్డు టైర్లు అరుగుతాయట. ఏమైనా ఆ రోజు రాజేశం మిషన్ దగ్గరికి పది నిమిషాలు ముందే చేరాడు. ఆ ఘనత ఛైర్మన్ గారిది కాదని నేను అనలేను.

సోమవారం పంచాయతీ నోటీసు బోర్డు మీద ఏఈ మేడమ్ రిపోర్టు అంటించారు. నేను నిలబడి మొత్తం చదివాను. 'సదరు మార్గమున ప్రయాణించగా పాత్రలోని ద్రవము ఒలకలేదు. అనారోగ్యముతో ఉన్న ప్రయాణికుడు సుఖముగా నిద్రించెను. మార్గము సంతృప్తికరము. కొత్త రోడ్డు అవసరము లేదు.' కింద రాజేశం సంతకం.

మొగిలవ్వను తీసుకుని పంచాయతీ సెక్రటరీ దగ్గరికి వెళ్లాను. ఆయన మంచి మనిషి, కుర్చీ వేయించాడు.

"రేపటి సంది ట్రాక్టరు పంపుడు కుదరదు అవ్వా. రోడ్డు లేని ఊరని పంపినం. ఇప్పుడు రోడ్డు మంచిగున్నదని మీ ఆయనే సంతకం పెట్టిండు. ఇంకా పంపితె పైనోళ్లు నన్ను అడుగుతరు."

"ఆయనకేం తెలుసు సార్? ఆయన నిద్రపోయిండు," అన్నది మొగిలవ్వ.

"రిపోర్టుల గూడ అదే రాసిన్రు గదా."

"మరి ఆ పెద్ద బండన్న పంపుండ్రి."

"అది ఛైర్మన్ సార్ సొంతానికి అలాటైన బండి అవ్వా. రోగుల్ని ఎక్కిస్తె సీట్లు మాస్తయ్."

మంగళవారం పొద్దున ఏడున్నరకే రాజేశం కాలినడకన బయలుదేరాడు. నేను ఒక రెక్క పట్టుకున్నాను, మొగిలవ్వ ఇంకో రెక్క పట్టుకున్నది. నూరు అడుగులకు ఒకసారి కూర్చుంటూ, తొమ్మిదింటికి ఒర్రె దాటాం. దాటగానే ఎదురుగా ఆఫ్ రోడ్డు ఆగి ఉన్నది. దాని మీద డ్రోన్ కెమెరా తిరుగుతున్నది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

"మధుకర్ సార్, దేవుని లెక్క దొరికిన్రు. మా మరిదిని జరంత తారు దాక దించుండ్రి."

"అయ్యో, వీడియో షూటింగు నడుస్తున్నది అక్క. సీటు ఖాళీ లేదు."

లోపలికి చూశాను. నేను కుట్టిన సీటులో, నేను కుట్టిన అక్షరాల మీద తల పెట్టి, కరీంనగర్ నుంచి తెచ్చిన ఒక నటుడు కళ్లు మూసుకుని పడుకున్నాడు. భుజం మీద రాజేశం తువ్వాల లాంటి తువ్వాల ఉన్నది.

"గాయన ఎవరు సార్?"

"రాజేశం."

"రాజేశం ఈడున్నడు గదా. ఈయన్నే పండవెట్టుండ్రి. మంచిగ నిద్రపోతడు."

మధుకర్ గారు మా మరిదిని కింది నుంచి పై దాకా చూశారు. "వద్దక్క. ఈయన మొకం మరీ రోగం మొకమున్నది. స్కీము మీద నమ్మకం పోతది." తర్వాత మర్యాదగా పొలం వైపు చెయ్యి చూపారు. "మీరు జర తొవ్వల నుంచి దిగుండ్రి. నడిచేటోళ్లు కనవడితె రోడ్డు లేదనుకుంటరు జనం."

"పదింటికి మిషన్ ఉన్నది సార్," అన్నాడు రాజేశం.

"అయిదే నిమిషాలు పెద్దాయనా. నీ గురించే గదా తీస్తున్నది."

మేము ముగ్గురం దిగి వరి మడిలో నిలబడ్డాం. నీళ్లు రాజేశం వాచిన మడిమల దాకా వచ్చాయి. మొదటి టేకులో నటుడు కళ్లు తెరిచాడు. రెండో టేకులో డ్రోనుకు మొగిలవ్వ చీర కొంగు కనిపించిందని మమ్మల్ని గట్టు చాటున కూర్చోమన్నారు. కూర్చున్నాం. బండి వెనక్కి వెళ్లి, మళ్లీ ఒర్రె దిగి, బొమ్మ చెయ్యి ఊపుకుంటూ మా ముందు నుంచి వెళ్లింది. మూడో టేకు ఓకే అయింది.

మధుకర్ గారు ఫోనులో టైము చూసుకున్నారు.

"పది ఇరవై. ఎండ కరెక్టు పడ్డది."