తోక కదలని జ్వరం

ఊరి చివర ఇనుము కరిగించే ఫ్యాక్టరీలో కార్మికుల ఒంటి నొప్పినీ, వేడినీ ఎలుకలే చూసుకుంటాయి. పనిలో చేరిన రోజే ఒక్కొక్కరికీ ఒక ఎలుకను కేటాయిస్తారు. మనిషి మాట నమ్మలేం, పని ఎగ్గొట్టేవాడూ నొప్పనే అంటాడు, ఎలుక అబద్ధమాడదు. మనిషికి కాలితే అతని ఎలుక తోక విదిలించాలి, అప్పుడే సెలవు. ఈ ఏర్పాటు మీద యూనియన్‌తో సహా ఎవరికీ అభ్యంతరం లేదు.

కొలిమి దగ్గర పనిచేసే ఆదెమ్మ మోచేతి మీద కరిగిన ఇనుము చిందింది. తెల్లారేసరికి చెయ్యి బొబ్బలెక్కింది, ఒళ్లు పెనంలా కాలిపోతోంది. చెయ్యి కుళ్లకముందే ఆస్పత్రికి వెళ్లాలంటే సెలవు కావాలి. ఎలుకల అధికారి కూర్మనాథం అద్దాల పెట్టెలోకి తొంగిచూశాడు. బుర్రలోకి దిగిన సన్నటి తీగతో ఆమె ఎలుక కులాసాగా మీసాలు దువ్వుకుంటోంది.

"తోక కదల్లేదమ్మా. నీకు నొప్పి లేదు."

"ఎలాగ కదుల్తాది బాబూ? దాని బుర్రలో ఆ తీగేటి?"

కూర్మనాథం దాచలేదు. మెదడు అడుగున గోరంత చోటుంది. ఒంటి వేడిని దించేదీ, నొప్పిని అణిచేదీ అదే. అక్కడికి సన్నగా కరెంటు పంపితే నిప్పుల మీద కూర్చోబెట్టినా ఎలుకకు హాయిగా ఉంటుంది. మూగజీవాలను బాధపెట్టకూడదని జంతు సంక్షేమ కమిటీ గట్టిగా చెప్పింది. కూర్మనాథం మాత్రం ఏం చేస్తాడు?

ఆదెమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎలక్కి కమిటీ ఉంది. మరి నాకేటుంది?"

"నీకు ఎలుక ఉంది కదమ్మా."

ఆ జవాబుకు సిగ్గుపడే మనిషి ఆ గదిలో లేడు. ఆదెమ్మ బాగున్న చేత్తో మూత తీసి తీగను లాగిపారేసింది. ఎలుక కీచుమంటూ తోక విదిలించి, మూలకు ముడుచుకుని వణికింది. కూర్మనాథం నిజాయితీపరుడు, కళ్లారా చూసినదాన్ని కాదనలేదు. అక్కడికక్కడే సెలవు మంజూరు చేశాడు, ఎలుకకు. దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి, కంపెనీ కారులో ఆస్పత్రికి పంపించాడు.

నొప్పి ఎటూ ఆస్పత్రికి వెళ్లిపోయింది గనక ఆదెమ్మను కొలిమికి పంపారు. అక్కడ పార పట్టుకుని నిలబడ్డ సింహాచలం బూట్లలోంచి పొగ వస్తోంది.

"అన్నా, కాళ్లు కాల్తన్నాయేటి?" అని అడిగింది.

సింహాచలం కిందికి చూసుకున్నాడు.

"మా ఎలకనడిగి సెప్తానమ్మా."

అదీ నిజమేననిపించింది ఆదెమ్మకు. కాలిన చేతికి కొంగు చుట్టుకుని పార అందుకుంది.