అంజిబాబు భుజం నొప్పి

ఆ గురువారం పొద్దున అంజిబాబు చెయ్యాల్సిన పని ఒకటే. సెలవు అర్జీ తీసుకెళ్ళి, అందరూ ముదీర్ అని పిలిచే మేనేజరు బల్ల మీద పెట్టి, ఒక నమస్కారం పడేసి, సైటుకు పోయే బస్సు కదిలేలోగా వెనక్కి వచ్చెయ్యాలి. అంతా కలిపి పావుగంట పని. ఆ పావుగంట పనికి అతనికి రెండున్నర నెలలు పట్టింది.

అరబ్బు ఎడారిలోని సజ్జాలో ఇంటర్‌లాక్ రాళ్ళు పరిచే కంపెనీలో అతను ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్నాడు. భార్య విజయదుర్గ కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని చేస్తోంది. ఇద్దరికీ రెండేళ్ళకొకసారి సెలవు. కానీ ఇతని కంపెనీ ఇచ్చే నెల వేరు, ఆవిడ మేడమ్ ఇచ్చే నెల వేరు. ఇతను అమలాపురం దగ్గరి ఊళ్ళో బస్సు దిగేసరికి ఆవిడ కువైట్‌లో ఉంటుంది. ఆవిడ దిగేసరికి ఇతను సజ్జా ఎండలో ఉంటాడు. ఇద్దరూ ఒకే కప్పు కింద అన్నం తిని నాలుగేళ్ళయింది, అదీ కరోనాకు ముందు. ఈసారి మేడమ్ దయతలచి డిసెంబరు ఒకటి నుంచి జనవరి పది దాకా సెలవిచ్చింది. అంజిబాబుకూ సెలవు రావాల్సిన ఏడే. ఆ నలభై రోజుల్లో అతను ఇల్లు చేరాలి. అది తప్పితే మళ్ళీ ఎన్నేళ్ళకో ఎవరూ చెప్పలేరు.

కంపెనీ పనివాళ్ళుండే క్యాంపులో అర్జీలు రాసేది అప్పాజీ. ఇరవై రెండేళ్ళ సర్వీసు, గుండ్రటి ఇంగ్లీషు దస్తూరీ ఉన్న పెద్దమనిషి.

"'భార్యను చూడాలి' అని రాయమంటావా? మతిగానీ పోయిందేంట్రా?" అన్నాడు అప్పాజీ కళ్ళజోడు పైకి తోసుకుంటూ. "ముందు నవ్వుతారు, ఆనక చింపుతారు. పెళ్ళాలు అందరికీ ఉన్నారు. అందరూ చూడ్డానికి పోతే రాళ్ళెవడు పరుత్తాడు?"

"మరేం రాయాలండి?"

"జబ్బు రాయాలి. కడుపునొప్పంటే ఇక్కడే క్లినిక్కుకి తోలుతారు. గుండె అన్నావనుకో, వీసా ఖలాస్. భుజం నొప్పి క్షేమం. ఉందని చూపించలేం, లేదని వాళ్ళూ చెప్పలేరు. ఊళ్ళో కట్టు కట్టించుకోవాలని రాత్తాను, పో."

ఆ క్యాంపులో అసలు కారణం రాసినవాడు లేడు. సెలవుల కోసం ఒక్కొక్కరికీ ముగ్గురేసి నాయనమ్మలు పోయారు. కాబట్టి అంజిబాబుకు భుజం నొప్పి రావడంలో ఎవరికీ వింత కనిపించలేదు.

ముదీర్ అసలు పేరు రామీ. కంపెనీ యజమాని కొడుకు, అమ్మాన్ పట్నం మనిషి. అమెరికాలో చదువుకుంటూ డిగ్రీతో పాటు బేస్‌బాల్ పిచ్చి కూడా తెచ్చుకున్నాడు. ఎనిమిది కంపెనీలు ఆడుకునే ఆదివారం లీగులో అతనికి 'సజ్జా స్టోన్స్' అనే జట్టు ఉంది. పోయిన ఏడాది అది ఎనిమిదో స్థానంలో నిలిచింది. తొమ్మిదోది ఉంటే అందులోనే నిలిచేది.

అర్జీ చదివి ముదీర్ తలెత్తాడు. "ఏ భుజం?"

ఆ సంగతి అంజిబాబు ఆలోచించలేదు. "కుడిది సార్" అన్నాడు.

జట్టులో బంతులు విసిరే ఫిలిప్పీన్ డ్రాఫ్ట్స్‌మన్‌కు నిజంగానే భుజం నొప్పి ఉండడంతో ముదీర్‌కు ఆ విషయంలో సగం డాక్టరంత జ్ఞానం అబ్బింది. సొరుగులోంచి బంతి తీసి అంజిబాబును యార్డులోకి నడిపించాడు. "యల్లా, నా చేతిలోకి విసురు. ఎక్కడ పట్టేస్తోందో చూస్తాను."

అంజిబాబు ఎనిమిదేళ్ళుగా చేస్తున్నది అదే పని. లారీ మీద నిలబడి కింద ఉన్నవాడికి రాళ్ళు విసరాలి. రాయి వేగంగా పోవాలి, లేకపోతే పని సాగదు. కింద వాడి చెయ్యి చేరేసరికి వేగం చచ్చిపోవాలి, లేకపోతే వాడి వేళ్ళు ఉండవు. బంతిని కూడా అతను అలాగే విసిరాడు. దూసుకొస్తోందనుకుని ముదీర్ గాలిలో చేతులు మూశాడు. బంతి తీరిగ్గా వచ్చి అతని బూటు మీద పడింది. మళ్ళీ విసరమన్నాడు, మళ్ళీ బూటు మీదే పడింది. మూడోసారికి ముదీర్ కళ్ళు చెమర్చాయి.

"హబీబీ, ఇది నొప్పి కాదు. వరం!" అని అర్జీ కాగితం తిరగేసి, దాని వెనక అంజిబాబు చొక్కా కొలత రాసుకున్నాడు.

బేస్‌బాల్‌లో మొదట విసిరేవాడు అలిసిపోయినా, చావుదెబ్బలు తిన్నా అతని బదులు మధ్యలో దిగేవాళ్ళను రిలీఫ్ పిచర్లంటారు. స్టోన్స్ జట్టులో మొదటివాడికి ప్రతి ఆటలోనూ ఆ రెండూ జరిగేవి కాబట్టి అంజిబాబుకు చేతినిండా పని దొరికింది. కొట్టేవాళ్ళు బంతి రాకముందే బ్యాట్లు తిప్పేసి, తర్వాత దాన్ని విచారంగా చూసేవారు. మూడు ఆదివారాలు, మూడు గెలుపులు. నాలుగో వారం అతను ధైర్యం చేసి సెలవు మాట ఎత్తాడు.

"సెలవా? ఇస్తాను" అన్నాడు ముదీర్. "కంపెనీ రూలు నీకు తెలిసిందేగా. పోయేవాడు తన బదులు మనిషిని చూపించి పోవాలి. వాడు నీ అంత బాగా విసిరిన రోజే నీ టికెట్టు."

అంజిబాబు ఎగిరి గంతేసి, లారీ కింద నిలబడి ఆరేళ్ళుగా తన రాళ్ళు పట్టే నెల్లూరు లాల్ అహ్మద్‌ను పట్టుకున్నాడు. పనయ్యాక రోజూ గంటసేపు నేర్పించాడు. మిగిలిన రాళ్ళను కింద నుంచి లారీ పైకి విసరడం లాల్ అహ్మద్ డ్యూటీ. అందుకని అతను విసిరిన బంతి కొట్టేవాడి ముందుకు వచ్చి పైకి లేచేది. నవంబరు ఆఖరి ఆదివారం కొరియా కంపెనీ మీద ముందు అంజిబాబు, తర్వాత లాల్ అహ్మద్ దిగారు. కిందికి దిగే బంతి కోసం వంగినవాళ్ళ టోపీల మీదుగా బంతులు పోయాయి. ఒక్కడూ కొట్టలేకపోయాడు.

"ఇప్పుడు టికెట్టు సార్" అన్నాడు అంజిబాబు.

"పిచ్చివాడా! ఒకడు దించుతాడు, ఒకడు లేపుతాడు. ఈ జంటను ఎవడైనా విడదీస్తాడా?" అని ముదీర్ ఇద్దరినీ కౌగిలించుకున్నాడు. జనవరిలో పోవాల్సిన లాల్ అహ్మద్ సెలవు కూడా ఆ కౌగిలిలోనే నలిగిపోయింది.

"ఏందన్నా ఇది?" అన్నాడు లాల్ అహ్మద్ బస్సులో. "నువ్వు మునిగేది గాక నన్ను గూడా లాక్కుంటివే! నేనేం పాపం చేసినా?"

అంజిబాబుకు నిజంగా సిగ్గేసింది.

బంతి విసరడానికి దిగిన మూడోవాడు మాణిక్యం. ఎడమచేతి వాటం అని ముదీరే ఏరుకున్నాడు. ఇంటికి పోవాలంటే భయపడే మనిషి క్యాంపు మొత్తంలో అతనొక్కడే. ఊళ్ళో ఫోర్‌మన్‌నని చెప్పుకోవడంతో, వీసాల కోసం పదకొండు మంది అరుగు మీద కాచుకుని ఉన్నారు. అందుకని ఎలాగైనా ఇక్కడే ఉండిపోవాలని ప్రాణం పెట్టి విసిరాడు. అంత ప్రాణం పెట్టేసరికి బంతులు కంచె దాటి పార్కింగులో పడ్డాయి. ముదీర్‌కు జాలేసింది. "పాపం, బాగా అలిసిపోయాడు. నెల రోజులు ఇంటికి పంపండి" అన్నాడు. మాణిక్యం ఎయిర్‌పోర్టు దాకా ఏడుస్తూనే వెళ్ళాడు.

దాంతో అంజిబాబుకు దారి దొరికింది. చెడగొట్టినవాడే ఇల్లు చేరతాడు.

అప్పటికి విజయదుర్గ ఊరికి వచ్చి మూడు వారాలు కావస్తోంది. రోజూ వీడియోలో ఇల్లంతా తిప్పి చూపించేది. ఆ రోజు మాత్రం ఫోను ఒకేచోట పెట్టుకుని కూర్చుంది.

"ఏవండి, సగం సెలవు అయిపోయిందండి. ఆ ఆటేదో ఓడిపోతే వదుల్తారన్నారు కదా. ఓడిపోవచ్చు కదండి!"

"ఓడిపోదావనే సూత్తన్నాను దుర్గా. అవట్లేదు."

"మీతో అదే గొడవండి. ఏదైనా చెడగొట్టమంటే అదొక్కటే మీకు చాతకాదు" అని నవ్వబోయి, నవ్వు ఆపి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అంజిబాబు కూడా ఏడ్చాడు. ఆరుగురు పడుకునే గదిలో అందరూ గోడవైపు తిరిగి నిద్ర నటించారు.

డిసెంబరు ఇరవై నాలుగున అల్ వర్సాన్ గిడ్డంగుల కంపెనీతో సెమీఫైనల్. ఓడిపోతే ఇరవై ఆరున విమానం ఎక్కొచ్చు. లాల్ అహ్మద్, అంజిబాబు ఎలాగైనా ఓడిపోవాలని చేతులు కలుపుకుని ఒట్టేసుకున్నారు. కానీ అప్పటికే లీగు వెబ్‌సైటులో వాళ్ళ ఫొటోలు పడ్డాయి. ఈ సీజన్లో ఇంత గట్టి రిలీఫ్ పిచర్లు మరే జట్టుకూ లేరని రాశారు. ఆ రాత చదివినవాళ్ళే బ్యాట్లు పట్టుకుని వచ్చారు.

అంజిబాబు బంతిని బారెడు పక్కకు విసిరాడు. ఇందులో ఏదో మాయ ఉందని కొట్టేవాడు బ్యాటు తిప్పాడు. అంజిబాబు ఈసారి నేలకేసి కొట్టాడు. వాడు దానికీ తిప్పాడు. ఇక లాభం లేదని, పెళ్ళిలో తాంబూలం అందించినంత మర్యాదగా మధ్యలోకి వేశాడు. ఇంత సుళువైన బంతి ఈ మనిషి వెయ్యడని నమ్మి కొట్టేవాడు కదలకుండా నిలబడిపోయాడు. అవుట్. లాల్ అహ్మద్‌దీ అదే గతి. జట్టు ఫైనల్ చేరింది. గ్రౌండులో ఆ ఇద్దరే తలలు దించుకుని నడిచారు. వాళ్ళ వినయానికి జనం మరింత గట్టిగా చప్పట్లు కొట్టారు.

ఫైనల్ జనవరి ఏడున. విజయదుర్గ ప్రయాణం పదిన. ఇప్పుడు ఓడితే కనీసం రెండు రోజులైనా మిగులుతాయి. ఆఖరి అవుట్ దాకా వచ్చేసరికి స్టోన్స్‌ది ఒక్క పరుగు ఆధిక్యం, బేస్ మీద ఎదుటి జట్టువాడొకడు పరుగుకు కాచుకుని ఉన్నాడు. ఎదుట నిలబడినవాడు వెబ్‌సైటు రాతలు చదవని రకం, ఒట్టి బలశాలి. అంజిబాబు మనసులో దుర్గను తలుచుకుని సగం వేగంతో వేశాడు. వాడు కొట్టాడు. ఎన్నాళ్ళకో ఒక మంచి దెబ్బ! బంతి ఆకాశంలోకి లేచింది. అంజిబాబు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

ఆ రోజు ఒక ఆటగాడు జ్వరంతో పడుకోవడంతో దూరంగా గ్రౌండులో లాల్ అహ్మద్‌ను నిలబెట్టారు. పైనుంచి ఏదైనా వస్తే పట్టుకోవడం అతనికి ఆరేళ్ళ అలవాటు. పట్టకపోతే కాలు విరిగే పని అది. చేతులు అతన్ని అడగలేదు. పట్టేశాక ఆ బంతి వైపు, తన చేతుల వైపు చూసుకుని, "అల్లా!" అని కూలబడ్డాడు. అది ఆనందమనుకుని జట్టంతా వెళ్ళి అతని మీద పడింది.

ముదీర్ కప్పు ఎత్తి పట్టుకుని అరిచాడు. "వచ్చే ఆదివారం నుంచి కల్బాలో ఛాంపియన్ల టోర్నమెంట్! ఫిబ్రవరి దాకా ఎవరికీ సెలవుల్లేవు! మనమంతా ఒక కుటుంబం!"

కుటుంబం అన్న మాట వినగానే అంజిబాబు అందరి ముందూ ఇసకలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ముదీర్ కంగారుగా వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "నొప్పా?"

"నొప్పి లేదు సార్. ఎప్పుడూ లేదు. నాకు పెళ్ళాం ఉంది సార్!"

అప్పాజీ వారించబోయాడు కానీ ఆలస్యమైంది. కువైట్, నాలుగేళ్ళు, నలభై రోజులు, అన్నీ హిందీలో, ఇంగ్లీషులో, మధ్యమధ్య తెలుగులో కక్కేశాడు. ముదీర్ కప్పును నెమ్మదిగా కింద పెట్టాడు. ఆ మొహంలో కోపం లేదు. అదే భరించడం కష్టమైంది.

"నాలుగేళ్ళా?" అన్నాడు. "నా భార్య అమ్మాన్‌లో ఉంటుంది. నాలుగు నెలలైతే నేను మనిషిలా ఉండను. ఈ మాట అక్టోబరులోనే రాసి ఉంటే ఆ రోజే పంపేవాణ్ణి. నువ్వు భుజం అని రాశావు, నేను భుజం చూశాను."

అందరూ అప్పాజీ వైపు తిరిగారు.

"నన్నంటారేంటి?" అన్నాడు అప్పాజీ. "ఇరవై రెండేళ్ళలో నిజం రాయించుకున్నోడు ఒక్కడు లేడు. రాత్తే ఏవవుద్దో నాకు మాత్రం ఎలా తెలుత్తుంది?"

పాస్‌పోర్టు, సంతకాలు, టికెట్టు అన్నీ ముదీరే దగ్గరుండి తొందరపెట్టాడు. ఎంత తొందరపెట్టినా దొరికిన మొదటి సీటు పదో తారీకు తెల్లవారాక. మధ్యాహ్నం పన్నెండుకు అంజిబాబు హైదరాబాద్ ఎయిర్‌పోర్టు బయటికి వచ్చాడు. కువైట్ విమానానికి విజయదుర్గ రెండింటికల్లా లోపలికి వెళ్ళాలి.

ఇద్దరూ బయట సిమెంటు గట్టు మీద కూర్చున్నారు. ఆవిడ బాక్సు విప్పి అన్నం కలిపి పెట్టింది. అతను తిన్నాడు. ఆవిడ తినకుండా అతను తినడం చూసింది. చెప్పుకోవాల్సిన నాలుగేళ్ళ మాటల్లో ఏది ముందు ఎత్తుకోవాలో తెలియక, "నల్లబడ్డారండి" అని ఆవిడ, "చిక్కిపోయావు" అని అతను అనుకున్నారు. తర్వాత చేతులు పట్టుకుని గడియారం వైపు చూడకుండా కూర్చున్నారు.

రెండయింది. ఆవిడ లేచి, పెట్టె అందుకుని, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"ఇంటి తాళం మంగాదేవొదిన దగ్గరుందండి. వేళకి తినండి" అని, కన్నీళ్ళు తుడుచుకోవడానికి కూడా ఆగకుండా లోపలికి వెళ్ళిపోయింది.

అంజిబాబుకు ముదీర్ ఇచ్చిన అరవై రోజుల సెలవులో ఇంకా యాభై తొమ్మిది రోజుల ఇరవై రెండు గంటలు మిగిలి ఉన్నాయి.