వెండికొంగ వాలిన శుక్రవారం

ఆ శుక్రవారం పొద్దున రాజగోపాల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి గడ్డం గీసుకోవాలి. ఎనిమిదింటికి ఈతకొలనులో పడ్డ ఆకులు తీయాలి. పదిన్నరకు వచ్చే పికెట్ దొరను ఆఫీసులో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఇరవైనాలుగు గదులూ చూపించి, ఒప్పందం మీద సంతకం పెట్టించుకోవాలి. వీటిలో అనుకున్నది అనుకున్నట్టు జరిగింది గడ్డం ఒక్కటే.

అది 1985 ఆగస్టు. అర్కన్సా రాష్ట్రంలో, బెంటన్‌విల్‌కి పది మైళ్ళ దూరంలో, పెద్ద రోడ్డు పక్కన ఉంది రాజగోపాల్ మోటెల్. కెమికల్ ఇంజనీరుగా చేరిన రెండు కంపెనీలూ తనను వరసగా సాగనంపాక ఆయన దీన్ని కొన్నాడు. "మోటెల్ నడపడమంటే ఏముందోయ్, మోట తోలడమే!" అనేవాడు స్నేహితులతో. "పొద్దస్తమానం ముందుకీ వెనక్కీ నడవడం. కాకపోతే మోట తోలితే నీళ్ళన్నా పడతాయి."

ఇక్కడ పడకపోవడానికి కారణం రోడ్డుకి అవతల ఉన్నాడు. ఆయన పేరు బడ్డీ. పేరు విని బడ్డీకొట్టు పెట్టుకున్నాడనుకునేరు, అరవై గదుల మోటెల్ ఆయనది. రాజగోపాల్ "కలర్ టీవీ ఉచితం" అని బోర్డు పెడితే, మర్నాటికి బడ్డీ "కేబుల్ టీవీ ఉచితం" అని పెట్టేవాడు. ఈయన కాఫీ అంటే ఆయన కాఫీతో డోనట్ అనేవాడు. ఈయన మెత్తటి పరుపు వేయిస్తే ఆయన నీళ్ళ పరుపు తెప్పించాడు. ఆ రోజుల్లో దేశమంతా హోటళ్ళవాళ్ళకి ఇదే పూనకం. ఒకడు దిండు మీద చాక్లెట్ పెడితే, పక్కవాడు రెండు పెట్టి దిండు తీసేసేలా ఉన్నాడు! ఆఖరికి బడ్డీ పోయి ఒక పెద్ద గొలుసు కంపెనీలో కలిశాడు. గొలుసంటే దేశమంతటా ఒకే పేరు, ఒకే బోర్డు, గది కావాలంటే ఒకే ఉచిత ఫోన్ నంబరు. బెంటన్‌విల్‌లో ఉన్న పెద్ద కొట్ల కంపెనీకి సరుకు అమ్ముకోవడానికి వచ్చే సేల్స్‌మెన్ అందరూ ఆ నంబరు తిప్పడం, బడ్డీ పరుపుల మీద తేలడం. రాజగోపాల్‌కి ఇరవైనాలుగు గదుల్లో ఆరు నిండితే గొప్ప. ఆ ఆరింట్లో ఒకటి మామగారిది.

అందుకని రాజగోపాల్ కూడా సిల్వర్ హెరాన్ ఇన్స్ అనే గొలుసు కంపెనీకి అర్జీ పెట్టాడు. వాళ్ళ బోర్డు మీద ఒంటికాలి వెండికొంగ ఉంటుంది. ఆర్నెల్లు కొంగజపం చేస్తే ఆ కంపెనీ మనిషి పికెట్ దొర వస్తానన్నాడు. ఇన్నులను, అంటే వాళ్ళ హోటళ్ళను, తనిఖీ చేస్తాడు కాబట్టి అచ్చమైన ఇన్‌స్పెక్టరు. ఒక్కసారే చూస్తాడు. తప్పితే మళ్ళీ మూడేళ్ళ దాకా రాడు. అప్పటికి ఈ గుమ్మానికి వేలాడేది కొంగ బోర్డు కాదు, తాళంకప్ప.

"ఏమండీ, ఆయన ఎన్నింటికి వస్తానన్నాడూ?" అంది భార్య అనంతలక్ష్మి, గారెల పిండి రుబ్బుతూ. ఆఫీసు వెనక గదే వాళ్ళ ఇల్లు, వంటిల్లు, దేవుడి గది.

"పదిన్నరకి."

అనంతలక్ష్మి గ్రైండర్ ఆపింది. విజయవాడ నుంచి తెచ్చుకున్న క్యాలెండరు దగ్గరికి నడిచింది. వేలు పెట్టి చూసింది. గుండె మీద చెయ్యి వేసుకుంది.

"శుక్రవారం! పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం!"

"అయితే?"

"అయితే ఏమిటండీ అయితే! రెండు ఉద్యోగాల్లోనూ ఏ వేళ చేరారో గుర్తులేదూ? ఈసారి నేనొప్పుకోను. ఆయన పన్నెండు దాకా మన గడప దాటకూడదు."

"లక్ష్మీ, ఆయన వచ్చేదే గడపలు దాటడానికి! ఆఫీసుతో కలిపి ఇరవై అయిదు గడపలు!"

"పన్నెండు తరవాత యాభైసార్లు దాటమనండి. అందాకా బయటే తిప్పండి. మీరు మెత్తబడి లోపలికి తీసుకొస్తారని తెలుసు, అందుకే తలుపు లోపల గడియ పెట్టేస్తున్నా. గదుల తాళంచెవులూ నా దగ్గరే ఉంటాయి."

చెప్పినంతా చేసింది. పదిన్నర కొట్టేసరికి గడియ పడింది, పికెట్ దొర కారూ వచ్చి ఆగింది. సన్నగా, పొడుగ్గా, తెల్ల చొక్కాలో ఆయనే ఒక కొంగలా ఉన్నాడు. ఒక చేతిలో అట్టకి బిగించిన ఫారాలు, మెడలో స్టాప్‌వాచ్.

"ఆఫీసుతో మొదలెడదామా, మిస్టర్ గోపాల్?"

"అయ్యయ్యో, ముందు మా ఐస్ మెషీన్ చూడాలి సార్!"

ఐస్ మెషీన్‌ను ఎంతసేపు చూపించవచ్చో మానవజాతికి ఆ రోజు తెలిసింది. పద్దెనిమిది నిమిషాలు. తరవాత ఈతకొలను. దాని పొడుగు, వెడల్పు, లోతు, అందులో పోసే మందు, ఆ మందు రసాయన శాస్త్రం. రాజగోపాల్‌కి ఇంజనీరింగ్ డిగ్రీ అమెరికాలో మొదటిసారి పనికొచ్చింది. ఆ తరవాత కార్లు నిలిపే చోట గీసిన తెల్ల గీతలు, ఒక్కొక్కటీ. చివరికి చెత్తడబ్బా దగ్గర పికెట్ నిలబడిపోయాడు. ఎండ నెత్తి మాడుస్తోంది.

"చాలా శుభ్రమైన చెత్తడబ్బా. ఇక ఆఫీసుకి వెళదాం," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

రాజగోపాల్ గడియారం చూసుకున్నాడు. పదకొండూ పది. నోట్లో మాటలన్నీ అయిపోయాయి. మిగిలింది అబద్ధం ఒక్కటే.

"సార్... ఆఫీసు తలుపు తాళం బిగుసుకుపోయిందండి."

"లోపల ఎవరైనా ఉన్నారా?"

అబద్ధమాడేవాడు రెండో ప్రశ్నకి కూడా అబద్ధమే చెప్పాలి. రాజగోపాల్‌కి అంత అలవాటు లేదు.

"మా ఆవిడ ఉంది."

పికెట్ మొహం పాలిపోయింది. ఆయన ఫారంలో మొదటి ప్రశ్నే, ప్రమాదం వస్తే మనుషులు బయటపడే దారి ఉందా అని. ఫారాలు చంకలో ఇరికించుకుని, రోడ్డుకి అడ్డంపడి పరిగెత్తాడు. "ఫోన్! ఫోన్! ఒక స్త్రీ చిక్కుకుపోయింది!" అని అరుస్తూ బడ్డీ మోటెల్లోకి దూరాడు.

పోటీదారుడికి ఇంతకంటే ఆనందం ఏముంటుంది? బడ్డీ తన చేత్తో ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేశాడు. అంతటితో ఆగక, గదుల తలుపులన్నీ తట్టి మరీ చెప్పాడు. పది నిమిషాల్లో ఎర్ర ఇంజను కూత పెట్టుకుంటూ వచ్చింది. దాని వెనక టైలు కట్టుకున్న సేల్స్‌మెన్ ముప్ఫై మంది, నీళ్ళ పరుపుల మీంచి లేచి, రోడ్డు దాటి వచ్చారు. రాజగోపాల్ మోటెల్ వాకిట్లో అంతమంది జనం పోగవడం అదే మొదలు.

ఫైర్ చీఫ్ నడుం మీద చేతులు పెట్టుకుని తలుపు చూశాడు. అంత లావు మనిషి, అంతకు తగ్గ గొడ్డలి. "అమ్మా, కాస్త వెనక్కి జరగండి!" అని గొడ్డలి ఎత్తాడు.

ఆఫీసు పక్క కిటికీ అద్దం పైకి లేచింది. అనంతలక్ష్మి తల బయటికి వచ్చింది.

"ఏమండీ! ఆ గొడ్డలాయన్ని ఆపండి! ఇంకా అరగంట ఉంది!"

"లక్ష్మీ, తలుపు తీసెయ్యవే! పరువు పోతోంది!"

"పరువు పోతే పన్నెండింటికి తెచ్చుకుందాం. గడప దాటితే బోర్డు పోతుంది!"

"ఆవిడ ఏమంటోంది?" అన్నాడు చీఫ్, గొడ్డలి గాలిలోనే ఉంచి.

రాజగోపాల్ దిక్కులు చూశాడు. రాహువు గురించి చెప్పాలంటే క్షీరసాగర మథనం దగ్గర మొదలెట్టాలి. అంత టైము గొడ్డలికి లేదు.

"ఆవిడ... ఆవిడ ప్రార్థనలో ఉందండి. పన్నెండు దాకా తలుపు తియ్యకూడదని నియమం."

ఆ మాట పడిందో లేదో, గొడ్డలి కిందికి దిగింది. చీఫ్ హెల్మెట్ తీసి గుండెకి ఆనించుకున్నాడు. వెనక అయిదుగురు ఫైర్‌మెన్ కూడా తీశారు. ముప్ఫై మంది సేల్స్‌మెన్ తలలు వంచారు. ఆ ఊళ్ళో పెట్రోలు బంకుల కంటే చర్చిలు ఎక్కువ. అక్కడ తలుపులు విరగ్గొడతారు కానీ, ప్రార్థన విరగ్గొట్టరు.

"మేం ఎదురుచూస్తాం, మేడమ్," అన్నాడు చీఫ్.

ఇప్పుడు ఇబ్బంది అనంతలక్ష్మికి వచ్చింది. తన వాకిట్లో నలభై మంది మగాళ్ళు ఎండలో, వంచిన తలలతో, వట్టి చేతులతో నిలబడి ఉన్నారు. పుట్టి బుద్ధెరిగాక తన గుమ్మంలోకి వచ్చిన మనిషి చేతిలో ఏదో ఒకటి పెట్టకుండా ఆమె ఉండలేదు. గుమ్మం మూసి ఉంది. కిటికీ తెరిచి ఉంది. కిటికీకి గడప లేదు.

"ఏమండీ, ఇదిగో, వేడివేడిగా ఉన్నాయి. ముందు ఆ గొడ్డలాయనకి ఇవ్వండి, పాపం బరువు మోశాడు."

పికెట్ కోసం వండిన గారెలు కిటికీలోంచి పళ్ళేలకు పళ్ళేలు వచ్చాయి. వెనకనే అల్లం పచ్చడి, ఫిల్టర్ కాఫీ. చీఫ్ గారెని తిప్పి చూసి, మధ్యలో చిల్లు గమనించి, "ఓ, డోనట్!" అని సగం నోట్లో పెట్టుకున్నాడు. పచ్చిమిరపకాయ తగిలింది. కళ్ళు పెద్దవయ్యాయి. అందరూ ఊపిరి బిగబట్టారు.

"డోనట్‌కి దమ్ముంది!" అన్నాడు కళ్ళనీళ్ళతో. "ఇంకొకటి ఇవ్వమనండి."

బడ్డీ దగ్గర నెల రోజులుగా చల్లటి చప్పిడి డోనట్లు నమిలిన సేల్స్‌మెన్ ప్రాణాలు లేచి వచ్చాయి. ఒకాయన కాఫీ రెండో గ్లాసు తాగి, కిటికీ దగ్గరికి వెళ్ళి, "మేడమ్, ఇది రోజూ ఉంటుందా?" అన్నాడు.

"ఉండకేం! ఎవ్రీ డే!"

"గది ఉందా?"

"ఇక్కడ సైన్ చెయ్యండి."

రిజిస్టరు కిటికీలోంచి బయటికి వచ్చింది, సంతకంతో లోపలికి వెళ్ళింది, తాళంచెవి బయటికి వచ్చింది. "పన్నెండు తరవాత రూమ్‌కి వెళ్ళండి బాబూ, అందాకా ఇంకో గారె తినండి," అందామె. వెనక ఇంకొకడు నిలబడ్డాడు. వాడి వెనక ఇంకొకడు. వరస ఈతకొలను చుట్టి వచ్చింది. పికెట్ దొర ఒక చేత్తో గారె పట్టుకుని, రెండో చేత్తో స్టాప్‌వాచ్ నొక్కి చూశాడు. మళ్ళీ నొక్కాడు. చెవి దగ్గర పెట్టుకుని, అది నడుస్తోందో లేదో విన్నాడు.

"మా కంపెనీలో గది ఇవ్వడానికి మూడు నిమిషాలు మించకూడదని రూలు," అన్నాడు గొంతు తగ్గించి. "మిస్టర్ గోపాల్, ఇక్కడ సగటున నలభై సెకన్లు! ఈ ఏర్పాటు ఎవరి ఆలోచన?"

"అది... మా పెద్దల నుంచి వస్తున్నదండి," అన్నాడు రాజగోపాల్. ఈసారి అబద్ధం ఆడాల్సిన పని రాలేదు.

పన్నెండు కొట్టింది. లోపల గడియ టక్కుమని తీసిన శబ్దం వినిపించింది. బిగుసుకుపోయిన తలుపు, బయట ఎవరూ ముట్టుకోకుండా, జనం కళ్ళకి దానంతటదే తెరుచుకుంది. గుమ్మంలో పట్టుచీర కట్టుకుని, చేతిలో కుంకుమ భరిణెతో అనంతలక్ష్మి.

"రండి! ఇప్పుడు అందరూ రండి!"

"ఆమెన్!" అన్నాడు చీఫ్. నలభై గొంతులు "ఆమెన్" అన్నాయి. ఒక సేల్స్‌మన్ అయితే మోకాళ్ళ మీద కూర్చున్నాడు, గారెలు ఎక్కువై కూర్చున్నాడో భక్తి ఎక్కువై కూర్చున్నాడో తెలియదు.

పికెట్ కుడికాలు ముందుపెట్టి గడప దాటాడు. గదులు చూస్తానన్న మాటే మరిచాడు, చూడటానికి ఖాళీ గది లేదు. పన్నెండూ పదికి సంతకం పెట్టాడు. వెండికొంగ బోర్డు వారంలో వస్తుందన్నాడు. కిటికీ పద్ధతిని మిగతా ఇన్నుల్లో కూడా పెట్టమని పై వాళ్ళకి రాస్తానన్నాడు. ఫైరింజను, కారు, జనం కదిలిపోయాక, రాజగోపాల్ కుర్చీలో వాలి, భార్య వైపు చూశాడు. పదిహేనేళ్ళ కాపురంలో అంత గౌరవంగా చూడడం అదే మొదలు.

"చూశారా?" అంది అనంతలక్ష్మి. "రాహుకాలం దాటాక పెట్టిన సంతకం. ఇక తిరుగు లేదు."

ఆ మాట వింటూ మామగారు కృష్ణారావు లోపలికి వచ్చాడు. ఆయన సర్వే శాఖలో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయి, నాలుగు నెలలు ఉండిపోదామని వచ్చిన మనిషి. రోజూ పొద్దున్నే నడకకి పోయి, దారిలో ఉన్న కొట్లో ఏసీ కింద కూర్చుని, ఏమీ కొనకుండా తిరిగి వస్తాడు.

"టైమెంతయిందోయ్ అల్లుడూ?"

"పన్నెండున్నర, మావయ్యగారూ."

"అదెలా అవుతుంది? మిట్టమధ్యాహ్నం దాటితే నీడ తూర్పుకి తిరగాలిగా? ఇప్పుడే చూసొచ్చాను, నా నీడ ఇంకా పడమటివైపే ఉంది."

"ఇక్కడ ఎండాకాలంలో గవర్నమెంటు వాళ్ళు గడియారాలన్నీ గంట ముందుకి తిప్పేస్తారండి."

"ఓహో," అన్నాడు కృష్ణారావు, చెప్పులు విడుస్తూ. "గడియారాలు సరే. రాహువుక్కూడా చెప్పి తిప్పారా?"

అనంతలక్ష్మి క్యాలెండరు దగ్గరికి వెళ్ళింది. వేళ్ళ మీద ఒకసారి లెక్క వేసింది. పదిన్నర అంటే పదకొండున్నర. పన్నెండు అంటే ఒంటిగంట. మళ్ళీ వేసింది. దొర పదిన్నరకి నిక్షేపంలాంటి మంచి ఘడియల్లో వచ్చాడు. గంటపాటు ఆ ఘడియలన్నీ ఐస్ మెషీన్ దగ్గర, చెత్తడబ్బా దగ్గర కరిగించి, సరిగ్గా రాహుకాలం నడిబొడ్డున కుంకుమ భరిణె పట్టుకుని ఎదురెళ్ళి లోపలికి తీసుకొచ్చింది తనే.

"ఇప్పుడేం చేద్దామే?" అన్నాడు రాజగోపాల్ నీరసంగా. "సంతకం కొట్టేసి మళ్ళీ పెట్టమందామా?"

అనంతలక్ష్మి నిండిన రిజిస్టరు వైపు చూసింది. బోర్డు మీద తాళంచెవి ఒక్కటి కూడా లేదు. క్యాలెండరును మెల్లగా గోడ వైపు తిప్పింది.

"రాహువు మన దేశం వాడు కదండీ. ఇంత దూరం వచ్చి మనవాళ్ళు కనిపిస్తే, ఎవరు మాత్రం చెడు చేస్తారు? పదండి, రేపటికి పప్పు నానబోయాలి."

అవతల బడ్డీ మాత్రం ఆ వారమంతా నిద్రపోలేదు. కొంగ బోర్డు, ఖాళీ అయిన తన గదులు, ఎదురుగా కాఫీ. ఆ కాఫీ చూస్తే ఆయనకి కాపీ కొట్టడం తప్ప దారి కనిపించలేదు. వ్యాపార రహస్యం ఎక్కడుందో తన కళ్ళతో చూశాడు. తరవాతి శుక్రవారం పదిన్నరకి తన ఆఫీసు తలుపుకి లోపల గడియ పెట్టి, వచ్చిన బేరాన్ని వచ్చినట్టు రోడ్డు దాటించి, పన్నెండుకి తీశాడు.

ఆ జిల్లాలో ఇవాళ్టికీ ప్రతి శుక్రవారం రాహుకాలాన్ని, తప్పు వేళకైనా సరే, నిష్ఠగా పాటిస్తున్న దొర ఆయన ఒక్కడే.