లిఫ్టూ, ఎలక్ట్రాన్లూ

ఆ ఉదయం జందీరా వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, లేజరు వెలిగించాలి, మధ్యాహ్నంలోగా ఆఖరి గ్రాఫు తీసుకుని బతికి బయటపడాలి. సావో పావ్లోలోని ఆ ప్రయోగశాలలో ఆమె ఏళ్ళ తరబడి చేస్తున్నది ఒకటే పని. పలుచని అర్ధవాహకపు పొరలో ఎలక్ట్రాన్లను లేజరుతో ఒకే తీరున బొంగరాల్లా తిప్పి, ఆ జట్టు చెదరకుండా ఎంతదూరం పోతుందో కొలవడం. అందుకు ఆ పొరను చల్లగా ఉంచే ద్రవ హీలియం ఆ సాయంత్రంతో ఆఖరు. గ్రాఫు రాకపోతే ప్రొఫెసర్ అన్సెల్మో థీసిస్ మీద సంతకం పెట్టరు. ఇంకో ఏడాది ఆయన కేకలు వినే ఓపిక ఆమెకు లేదు.

లేజరు వెలిగింది. తెర మీద అల లేవాల్సిన చోట గీత చాపలా పడుకుంది. జందీరా తీగలన్నీ గుంజి చూసి కేక పెట్టింది.

"నివాల్దో, సిగ్నల్ చచ్చిపోయిందిరా!"

పక్క బల్ల దగ్గరున్న సహాధ్యాయి తల కూడా ఎత్తలేదు. "లిఫ్టు అయ్యుంటుందే. దాని మోటారు తిరిగితే ఇక్కడ అయస్కాంత క్షేత్రం ఊగుతుంది. ఆపించు."

ఆమె వాచ్‌మన్‌కి ఫోన్ చేసింది. అతను లోపల ఎవరున్నారో చూడకుండా లిఫ్టు మెయిన్ స్విచ్ దించేసి, ఆ పెట్టెకు తాళం వేసి, చెవి జేబులో వేసుకుని కాఫీకి వెళ్ళిపోయాడు. గీత మాత్రం లేవలేదు. ఫోన్ మోగింది. అన్సెల్మో గొంతు.

"జందీరా! నేనూ, మనకు నిధులిచ్చే సంఘం నుంచి వచ్చిన జులేయిక గారూ లిఫ్టులో ఇరుక్కున్నాం. ఎవడు ఆపాడో కనుక్కో. వాడి అంతు చూస్తాను!"

"అ... అలాగే సార్," అంది. లేజరు కళ్ళజోడు తీయకుండానే వాచ్‌మన్ కోసం పరుగెత్తింది.

"ఏమైందే తల్లీ?" అని సెక్రటరీ ఒదేతి అడ్డుపడింది.

"హీలియం అయిపోతోంది! లిఫ్టులో మనుషులున్నారు!"

ఆ రెండు ముక్కలనూ ఒదేతి తన తెలివితో కలుపుకుంది. గ్యాసు లీకై జనం ఊపిరాడక పోతున్నారనుకుని అలారం నొక్కింది. భవనమంతా వీధిలో పడింది. ఫైరింజన్లు వచ్చాయి. గొడ్డళ్ళతో లిఫ్టు తలుపు పగలగొడుతున్న చప్పుడు వింటూ, ఇక తన చదువు ముగిసిందనుకుని జందీరా లేజరు ఆర్పడానికి వెనక్కి వెళ్ళింది.

అప్పుడు కనిపించింది. కంటికి కనబడని ఆ కిరణానికి అడ్డంగా ఒక విజిటింగ్ కార్డు. తీసింది. తెర మీద అల నిండుగా లేచింది. కార్డు తిప్పి పేరు చదివితే అన్సెల్మోది!

చెమటలు కక్కుతూ ఆయన, వెనకే జులేయికా వచ్చారు.

"లిఫ్టు ఆపించింది ఎవరు?"

"నేనే సార్," అంటూ కార్డు చేతికిచ్చింది. ఆయన దాన్ని చూశారు. పొద్దున్నే లేజరు దారిలోని అద్దాలు సర్దడానికి వచ్చి, కాఫీకి పోతూ కిరణానికి అడ్డం పెట్టి మరిచిన సంగతి గుర్తొచ్చి మొహం పాలిపోయింది.

"ఏం జరిగింది ప్రొఫెసర్?" అంది జులేయిక.

"లిఫ్టేనండీ," అన్నారాయన, కార్డు జేబులోకి జారుస్తూ. "అది ఆగాకే సిగ్నల్ వచ్చింది. మా అమ్మాయి తెగించి ఆపించింది." తర్వాత గొంతు తగ్గించి, "థీసిస్ ఎప్పుడిస్తానన్నావమ్మా?"

"నెలాఖరుకి సార్."

"ఇచ్చెయ్. సంతకం పెడతాను."

"అయితే కొలతలు జరిగే రోజుల్లో లిఫ్టు నడవకూడదని ఉత్తర్వు వేయించండి," అంది జులేయిక. ఆయన తల ఊపక తప్పలేదు.

ఆ ప్రయోగశాలలో ఆదివారాలు కూడా కొలతలు జరుగుతాయి, అన్సెల్మో గది అయిదో అంతస్తులో ఉంది.