సీలు తీయని అంబులెన్సులు

పెద్దాసుపత్రికి వచ్చిన కొత్త అంబులెన్సులను ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ ఉంచనంత భద్రంగా ఉంచుతామని ఆరోగ్యశాఖ మంత్రిగారు ప్రారంభోత్సవంలో ప్రకటించారు. చప్పట్లు మోగిపోయాయి. కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. భద్రంగా అంటే ఎప్పటికప్పుడు బాగు చేయిస్తూ నడపడమనుకున్నాను. నాది జిరాక్సు షాపు. ఎదుటివాడు ఇచ్చింది ఇచ్చినట్టు తీసుకోవడమే అలవాటు.

మంత్రిగారికి మోడల్ వాహనాలు సేకరించే హాబీ ఉందని అందరికీ తెలుసు. కార్లు, లారీలు, బస్సులు, రోడ్డు రోలర్లు, అన్నీ అరచేతిలో పట్టేవే. వాటిని బొమ్మలు అనకూడదు. ఒక కార్యకర్త నోరుజారి అలా అన్నందుకు పార్టీ ఆఫీసులో అతనికి ఇప్పటికీ కుర్చీ వేయరు. మంత్రిగారింట్లో హాలు గోడలన్నీ అద్దాల బీరువాలే. నేను కాగితాలు ఇవ్వడానికి వెళ్లినప్పుడు దయతలచి చూపించారు. ఒక్క బండినీ డబ్బాలోంచి బయటికి తీయలేదు.

"డబ్బా తెరిస్తే విలువ సగానికి పడిపోతుందయ్యా," అన్నారు. "ఆడుకునేవాడు పిల్లాడు. దాచుకునేవాడు పెద్దమనిషి."

ఈ సూత్రం ప్రజాసేవకు కూడా వర్తిస్తుందని ప్రారంభోత్సవం నాడే తేలిపోయింది. రిబ్బను కత్తిరించగానే ఆసుపత్రి సూపరింటెండెంటు గారు ఉత్సాహం పట్టలేక ఒక అంబులెన్సు మీది ప్లాస్టిక్ కవరు లాగబోయారు. మంత్రిగారి ముఖం డిపాజిట్టు పోయిన అభ్యర్థి ముఖంలా అయిపోయింది. సూపరింటెండెంటు గారు తెలివైన మనిషి. లాగబోయిన చేత్తోనే కవరు సర్దేశారు.

ఆసుపత్రి ఆవరణలో ఉంచితే రోగులు ముట్టుకుంటారు కాబట్టి, ఊరికి రెండో చివర, సరిగ్గా నా షాపుకి ఎదురుగా, అద్దాల షెడ్డు కట్టించారు. టైర్లకు మట్టి అంటకుండా బండ్లను ట్రైలర్ల మీద తెచ్చి క్రేనుతో దింపారు. కవర్లకు సీళ్లు వేశారు. సీలు తీయాలంటే మంత్రిగారి సంతకం కావాలి. ఈ బండ్లు సరఫరా చేసిన మంత్రిగారి వియ్యంకులవారు ఆ నిర్ణయాన్ని అందరికంటే గట్టిగా హర్షించారు. రోగులు ఎప్పటిలాగే ఆటోల్లో వెళ్తూ వచ్చారు. ప్రమాదాలు సున్నా, డీజిలు ఖర్చు సున్నా, రిపేర్లు సున్నా అని మంత్రిగారు శాసనసభలో చదివి వినిపించారు.

ఇంత గొప్ప పనిలో నాకున్న బాధల్లా మా బావమరిది. అంబులెన్సు డ్రైవరుగా టెంపరరీ ఉద్యోగం వచ్చిందని, పర్మనెంటు అయ్యేదాకా సర్దుకోమని, పెళ్లాం పిల్లలతో మా ఇంట్లో దిగాడు. బాత్రూము ఒకటే. బండి బాగా నడుపుతాడని సూపరింటెండెంటు గారు సర్టిఫికెట్టు ఇస్తే ఉద్యోగం పర్మనెంటు అవుతుంది, లేకపోతే ఊడుతుంది. నడుపుతుంటే చూడందే ఆయన ఇవ్వరు. నడపడానికి బండి ఇవ్వరు. తెల్ల గ్లవుజులు తొడుక్కుని, మెత్తటి బ్రష్షుతో కవర్ల మీది దుమ్ము దులపడమే మావాడి డ్యూటీ. వాణ్ణి చూస్తే ఒళ్లు మండేది, జాలీ వేసేది.

"స్టీరింగు ఎలా ఉంటుందో మర్చిపోతున్నాను బావా," అని ఒకనాడు నా షాపులో కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

ఏడాది గడిచింది. మంత్రిగారు వార్షికోత్సవానికి వచ్చి, ఒక్క గీత కూడా పడని ఆ బండ్ల మధ్య నిలబడి ఉపన్యసిస్తూ, మధ్యలో ఛాతీ పట్టుకుని మెల్లగా కూలబడిపోయారు. అది కూడా ఉపన్యాసంలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టాం. చెమటలు చూశాక ఆపాం.

అందరూ అంబులెన్సుల వైపు చూశారు. సూపరింటెండెంటు గారు ఫైలు తెరిచి, మంత్రిగారి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, సీలు తీయడానికి ఒక్క సంతకం పెట్టమని వేడుకున్నారు. మంత్రిగారు కళ్లు తెరిచి, పెన్ను వైపు చూసి, తల అడ్డంగా ఊపి, మళ్లీ మూసుకున్నారు. అంతటి నిగ్రహం నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

మా బావమరిది ఇక ఆగలేకపోయాడు. కవరు నిలువునా చింపేసి, తలుపు తీసి, సీట్లోకి ఎగిరి కూర్చుని తాళం తిప్పాడు. చప్పుడు లేదు. మళ్లీ తిప్పాడు. సీటు కవరు చిరుగుతుంది, మెల్లగా కూర్చోమని సూపరింటెండెంటు గారు హెచ్చరించారు. నేను వెళ్లి బానెట్టు ఎత్తాను. లోపల చాలా శుభ్రంగా ఉంది. ఇంజను ఉండాల్సిన చోట షెడ్డు నేల కనబడింది. సూపరింటెండెంటు గారు కూడా తొంగి చూసి, బానెట్టును మర్యాదగా మూసేశారు.

నాకు కాగితం కట్టలు తెచ్చిన ఆటో బయటే ఉంది. మంత్రిగారిని ఆ కట్టల మీదే పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చాం. డాక్టర్లు ప్రాణం నిలబెట్టారు.

ఆయన కోలుకోగానే సూపరింటెండెంటు గారికీ, నాకూ, మా బావమరిదికీ కబురు వచ్చింది. ఇంట్లో అందరికీ కాలు నిలవలేదు. మంత్రిగారి ప్రాణం కోసం తెగించినవాడికి పర్మనెంటు కాకపోతే ఇంకెవరికవుతుందని మా ఆవిడ తమ్ముడి చొక్కా స్వయంగా ఇస్త్రీ చేసింది. వాళ్ల గది ఖాళీ అయితే కుట్టుమిషను ఏ కిటికీ దగ్గర పెట్టాలో కూడా చూసుకుంది.

మంత్రిగారి మంచం ముందు సూపరింటెండెంటు గారు మెడ తుడుచుకుంటూ ఇంజను సంగతి విన్నవించారు. మంత్రిగారు దిండు మీంచి లేచి కూర్చున్నారు.

"అసలు పెట్టనేలేదా? ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చిందా?"

"అలాగే ఉందండి. వియ్యంకులవారిని అడిగి..."

"ఆయన్నెందుకయ్యా అడగడం!"

మంత్రిగారి ముఖం వెలిగిపోయింది. కంపెనీవాళ్లు పొరపాటున ఏదో ఒకటి బిగించడం మరిచిపోయిన మోడల్ దొరికితే సేకరించేవాళ్లకు నిధి దొరికినట్టేనట. ఒక తలుపు తక్కువైన బుల్లి కారు కోసం ఆయన ఏళ్ల తరబడి తిరిగారట. అలాంటిది ఏకంగా ఇంజనే లేని అంబులెన్సు, అదీ అసలు సైజులో. ఆయన చెబుతుంటే మంచం పక్కన గుండె చూసే మిషను గబగబా కూసింది.

"మిగతావాటి సంగతి?"

"బానెట్లు ఎత్తలేదండి."

"ఎత్తకండి. ఎవర్నీ ఎత్తనివ్వకండి."

తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, మా ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూసి, మెత్తగా అడిగారు.

"ఆ కవరు చించిందెవరు?"

ఇలా ఎవరో ఒకరు అడగాలని ఆసుపత్రి మెట్లెక్కినప్పటి నుంచీ మా బావమరిది ఎదురుచూస్తున్నాడు. నేను వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగేలోపే ఒక అడుగు ముందుకు వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నేనేనండి," అన్నాడు.