ఆగినట్టు కనిపించే ఫ్యాను

మా ఇంట్లో నేను భయపడేవి రెండు. ఒకటి మా నాన్న టేబుల్ ఫ్యాను. రెండోది, దాన్ని చూసినప్పుడు మా ఆవిడ ప్రభావతి ముఖం.

నవ్వకండి. గురజాల హైస్కూల్లో సైన్సు చెప్పే మాస్టారికి ఫ్యానంటే భయమేమిటని మీకు అనిపించవచ్చు. దాని రెక్కల ముందు తీగల జాలీ లేదు. కత్తుల్లాంటి ఇనుప రెక్కలు. స్విచ్చి వేస్తే బల్లతో సహా ఊగుతుంది. ప్రభావతి దానికి యమగండం అని పేరు పెట్టింది.

నాన్న నడికుడి రైల్వే స్టేషన్లో పనిచేసినన్నాళ్లూ క్వార్టర్సులో తిరిగిన ఫ్యాను అది. నాన్న పోయి ఇంకా ఏడాది కాలేదు.

"మౌలాలీని రమ్మన్నా. ఆదివారం వచ్చి యమగండాన్ని తీసుకుపోతాడు," అంది ప్రభావతి ఒకరోజు. మౌలాలీ మోటార్లు బాగుచేస్తాడు, పాత ఇనుమూ కొంటాడు.

"ఎందుకు?"

"ఎందుకేంది? ఏదో ఒకరోజు రెక్క ఊడి మీ మెడ మీద పడుద్ది. మీకేమన్నా చెప్పాలని ఉంటే ఇప్పుడే చెప్పండి."

"స్కూల్లో ప్రయోగానికి పనికొస్తుంది," అన్నాను.

"ఏం ప్రయోగం? పిల్లల చెవులు కొయ్యటమా?"

ఊగేది బల్లే గాని రెక్కలు కాదని రుజువు చేస్తే చాలనుకున్నాను. రెక్క చుట్టు తిరిగి వచ్చిన ప్రతిసారీ ఒక్క మెరుపు మెరిస్తే, తిరిగే రెక్క కంటికి ఆగినట్టు కనిపిస్తుంది. అప్పుడు అది నిలకడగా ఉందో లేదో ఎవరైనా చూడవచ్చు.

పిల్లలకు నేర్పడానికి కొన్న చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుకు, ట్రాన్సిస్టరు మీదుగా, తెల్లటి ఎల్ఈడీలు కలిపాను. మెరుపుల వేగం మార్చడానికి పాత రేడియో నాబ్ పెట్టాను. ప్రోగ్రాం ఎక్కించాను.

ఆదివారం మధ్యాహ్నం, మే నెల ఎండలో, కిటికీలన్నీ మూసి దుప్పట్లు కట్టాను. ఫ్యాను తిప్పి, నా మెరుపుల లైటు వేశాను.

ఒక మెరుపులో ప్రభావతి గుమ్మం దగ్గర ఉంది. తరవాతి మెరుపులో మంచం దగ్గర. ఆ తరవాతి మెరుపులో నా ముక్కు ముందు, చేతిలో అట్లకాడతో.

నేను కెవ్వుమన్నాను.

పక్కింటి శేషారత్నం పిన్ని గోడ అవతలి నుంచి కేకేసింది. "అమ్మే ప్రభావతీ, ఏందే ఆ మెరుపులు? కోటప్పకొండ తిరనాళ్ల లైట్ల ప్రభ ఇంట్లోనే కడతన్నారా?"

"కాదత్తయ్యా, మీ అబ్బాయి సైన్సు చేస్తన్నాడు!"

నాబ్ తిప్పాను. ఫ్యాను మెల్లగా వెనక్కి తిరగసాగింది.

"బాగుంది. ఉన్న గాలి కూడా లాగేసుకునేట్టుంది," అంది.

ఇంకాస్త తిప్పాను. రెక్కలు బొమ్మలో వేసినట్టు నిలిచిపోయాయి.

"చూడు, ఎంత నిలకడగా ఉన్నాయో!"

ప్రభావతి దగ్గరికి వంగింది. "మరి ఈ గీత ఏంది?" అంటూ వేలు చాపింది.

వేలికీ రెక్కకీ మధ్య జానెడు దూరం. అరిస్తే ఉలిక్కిపడి ముందుకు తూలుతుందేమో. చెయ్యి లాగితే పట్టు తప్పుతుందేమో. మొన్ననే ఒకరిని సాగనంపిన ఇల్లు ఇది.

"ప్ర... ప్ర..."

"ప్రభావతి. కట్టుకున్నదాని పేరు కూడా మర్చిపోయారా?" వేలు అక్కడే ఉంది. "భయపడమాకండి. ముఖాన గాలి కొడతానే ఉంది. కంటికి ఆగితే గాలి ఆగుద్దా?"

వేలు వెనక్కి తీసుకుని, బల్ల వెనక్కి వెళ్లి ప్లగ్గు పీకింది. నేను నేల మీద కూలబడ్డాను.

రెక్కలు నిజంగా ఆగాక కిటికీ తెరిచింది. ఒక రెక్క మొదట్లో, సగం మేర, వెంట్రుకంత చీలిక. నా లైటు నిలబెట్టి మరీ చూపించిన చీలిక.

"ఇదేనా మీ నిలకడ?"

వాకిట్లో సైకిలు ఆగింది. లోపలికి వచ్చిన మౌలాలీని చూడగానే లేచి ఫ్యానును రెండు చేతులా వాటేసుకున్నాను.

"ఇవ్వను. ఇది నాన్నది. ఇవ్వను."

మౌలాలీ బిత్తరపోయాడు. "ఎవురడిగారు సార్? కొత్త రెక్కలూ, జాలీ దొరికినయ్. షాపుకి తీసుకుపోయి బిగిస్తా. అమ్మగారు పోయిన వారమే చెప్పింది."

ప్రభావతి వైపు చూశాను. "బాగుచేయిస్తున్నానని చెప్పవచ్చు కదా?"

"కావాలని మీరు చెప్పొచ్చు కదా? పోయినకాడి నుంచి మామయ్య మాటే ఎత్తలా మీరు. ఫ్యాను పోద్దంటేనన్నా నోరు తెరుస్తారనుకున్నా. లైట్లు కట్టారు గానీ, మాట మాత్రం రాలా."

బోర్డు ఇంకా మెరుస్తూనే ఉంది. ఆమె వెళ్లి దాన్నీ ఆర్పింది.

"వదలండి సార్," అన్నాడు మౌలాలీ. "సాయంత్రానికి తెస్తా."

నా చేతులు కదలలేదు.

"వదలండి," అంది ప్రభావతి, మెల్లగా. "తెస్తానన్నాడుగా."

వదిలాను.