సత్యవేణి ఇచ్చిన గంట ఎండ

చినగాలిలంకలో వాన మబ్బుల వల్ల కాకుండా ఆడవాళ్ళ కనురెప్పల వల్ల పడడం మొదలై నాలుగేళ్ళయింది. మొదట్లో కాస్త గొడవ జరిగింది కాని, ఇప్పుడు దాన్ని గురించి ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడుకోరు. ఏ కాలానికి ఏ కనురెప్ప రంగు ఫ్యాషనో రాజధానిలో నిర్ణయమవుతుంది. ఆ రంగు ఋతుశాఖ వారి ద్వారా మండలానికి, మండలం నుంచి ఊళ్ళో రేషన్ షాపుకి చేరుతుంది. ఆడవాళ్ళందరూ రాసుకున్న మర్నాడు ఆ కాలం వస్తుంది. ఒక్కరు రాసుకోకపోయినా రాదు.

సగం మంది రాసుకుంటే చాలని మొదటి ఏడాది అన్నారు. అప్పుడు ప్రతి ఇల్లూ తాను రెండో సగంలో ఉన్నానని అనుకుంది. వరి నాట్లు ఎండిపోయాయి. అందుకని అందరూ రాసుకోవాల్సిందేనన్నారు. అప్పటినుంచి చినగాలిలంక రైతులు వాన ఆలస్యమైతే ఆకాశం వైపు చూడడం మానేసి ఇంట్లోకి వచ్చి పెళ్ళాం మొహం వైపు చూస్తున్నారు. పెళ్ళయిన ఇరవై ఏళ్ళకి మా ఆయన నా మొహం చూశాడని ఒకరిద్దరు సంతోషించారు కూడా.

వేసవికి రాగి రంగు. చలికాలానికి వెండి పూత, పొగమంచు దాని వల్లే పడుతుంది. వానాకాలానికి స్మోకీ ఐ. అంటే రెప్ప మీద బూడిద రంగు వేసి, కొసలకు పోయేకొద్దీ నలుపు చేసి, రెండు రంగులూ కలిసే చోట గీత కనపడకుండా వేలితో మెల్లగా అద్ది, రెప్ప అంచున ఐలైనర్ గీయాలి. అద్దడం సరిగ్గా రాకపోతే వాన ఆగి ఆగి పడుతుంది. కిందటేడు రాజధానిలో ఎవరికి ఏం తోచిందో, ఆ వానాకాలానికి గ్లిట్టర్ అన్నారు. వడగళ్ళు పడి పెంకుటిళ్ళన్నీ చిల్లులు పడ్డాయి. అడగడానికి వెళ్ళిన వాళ్ళతో ఋతుశాఖ వారు, అన్ని చోట్లా ఇప్పుడు అదే నడుస్తోందని చెప్పారు. అది నిజమే కాబట్టి వాళ్ళు తిరిగి వచ్చేశారు.

ఇందులో ఒక చిక్కు మొదటి వానకే బయటపడింది. వాన పడితే రంగు కారిపోతుంది. రంగు కారిపోతే వాన ఆగిపోతుంది. ఆ ఏడాది వానలన్నీ ఆడవాళ్ళు వాకిట్లో ఆరేసిన బట్టలు తీసుకుని లోపలికి వచ్చేంతసేపే పడ్డాయి. అందుకని వాటర్‌ప్రూఫ్ సరుకు తెప్పించారు. మంచి సరుకే. రాత్రి పడుకున్నా చెక్కు చెదరదు, గేదెను కడిగినా పోదు. కాకపోతే డబ్బా అడుగున చిన్న అక్షరాలతో ఒక మాట ఉంది: ఈ రంగు బయటి నీటికి తట్టుకుంటుంది, లోపలి నీటికి హామీ లేదు.

కాబట్టి వానాకాలంలో ఆడవాళ్ళు ఏడవకూడదు. దీన్ని ఎవరూ కష్టమైన నియమం అనుకోలేదు. కోడళ్ళను ఏడిపించే అత్తగార్లు ఆషాఢం నుంచి భాద్రపదం దాకా ఆ పని ఆపుకున్నారు, మిగిలింది ఆశ్వయుజంలో పూర్తి చేసుకున్నారు. ఉల్లిపాయలు మగవాళ్ళు తరిగారు. ఊళ్ళో ప్రశాంతత పెరిగిందని ఋతుశాఖ పరిశీలకుడు కోదండపాణి పైవాళ్ళకు తెలియజేశాడు. ఈయన రోజూ పొద్దున్నే టార్చిలైటు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి కళ్ళు చూస్తాడు. అంతకుముందు పశువుల ఆసుపత్రిలో పనిచేశాడు. "ఏదమ్మా, ఓసారి కళ్ళు మూయండి" అంటాడు మర్యాదగా.

ఆషాఢం మొదట్లో, ఊడ్పులు మంచి జోరు మీద ఉండగా, టైలరు సత్యవేణి అక్క భాగ్యవతి చనిపోయింది. పక్క వీధిలోనే ఉండేది. మూడు రోజులు జ్వరం, అంతే. కళ్ళకు రంగు చెరక్కుండానే సాగనంపారు.

సత్యవేణికి తన కళ్ళకు తాను గీత గీసుకోవడం ఎప్పుడూ చేతకాలేదు. బ్లౌజు కత్తిరిస్తే దారం వాసి తేడా రాదు కాని, ఎడమ కంటి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వణుకుతుంది. చిన్నప్పుడు ఆముదం దీపం మీద రాగి చెంబు బోర్లించి పట్టిన కాటుక దగ్గర్నుంచి నిన్నమొన్నటి ఐలైనర్ దాకా అక్కే పెట్టేది. ఎడంచేత్తో గడ్డం పట్టుకుని, "పైకి చూడు. నవ్వితే చంపేస్తాను" అనేది. సత్యవేణికి ప్రతిసారీ నవ్వు వచ్చేది.

అక్కను తీసుకువెళుతున్నప్పుడు కోదండపాణి గొడుగు పట్టుకుని పక్కనే నడిచాడు. "అమ్మా, కాస్త పైకి చూడండి. పైకి చూస్తే కంట్లో నీళ్ళు దిగవు" అని సలహా ఇచ్చాడు. సత్యవేణి పైకి చూసింది. వాన పడుతూనే ఉంది. ఊడ్పులు ఆగలేదు.

ఇలాంటి సందర్భాల కోసం ఋతుశాఖ వారు ముందే ఒక ఏర్పాటు చేశారు. మగవాళ్ళ కళ్ళకూ వాతావరణానికీ సంబంధం లేదు కనుక, ఆడవాళ్ళ బదులు ఇంట్లో మగవాళ్ళు ఏడవవచ్చు. సత్యవేణి తరఫున ఆమె భర్త గంగరాజు ఏడ్చాడు. బాగా ఏడ్చాడు. గట్టు మీద కూర్చుని తలబాదుకుంటూ ఏడుస్తుంటే జనం కండువాలతో కళ్ళొత్తుకున్నారు. వదినంటే ఎంత ప్రాణమో అనుకున్నారు. ఇంటికి వచ్చాక, "నీదంతా నేనే ఏడ్చేశానే, ఇంక నీకేం బెంగ లేదు. కాస్త టీ పెట్టు, గొంతు పట్టేసింది" అన్నాడు. సత్యవేణి టీ పెట్టింది.

ఆ మర్నాటి నుంచి ఆమె ఎడమ కన్ను తానే గీసుకోవాల్సి వచ్చింది. గీత వంకరగా వచ్చేది. దానివల్ల ఆ వీధిలో వాన ఏటవాలుగా పడి నేరుగా వరండాల్లోకి కొట్టేది. ఎదురింటి పుల్లమ్మత్త మంచం రెండుసార్లు జరుపుకుంది. మూడోసారి వచ్చి, "ఏమే తల్లీ, మీ అక్క ఉన్నప్పుడు వాన ఎంత నిటారుగా పడేదే" అంది. ఆవిడ తిట్టడానికే వచ్చింది కాని, ఆ మాట అన్నాక తిట్టలేకపోయింది. వెళ్ళి మంచం ఇంకోసారి జరుపుకుంది.

సత్యవేణి కోదండపాణి దగ్గరికి వెళ్ళింది.

"నేను ఏడవాలండి" అంది.

"మీవారు ఏడ్చారు కదమ్మా. నేనే దగ్గరుండి చూశాను."

"అది ఆయన ఏడుపండి. నాది నా దగ్గరే ఉండిపోయింది. కుట్టుమిషను తొక్కుతుంటే గొంతులోకి వచ్చి ఆగిపోతంది. అన్నం దిగట్లేదు."

కోదండపాణి చెడ్డవాడు కాదు. పశువుల ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో మేత ముట్టని గేదెలను చాలా చూశాడు. "ఊడ్పులు అయిపోనివ్వండి. చేలల్లో నీళ్ళు నిలిచాక ఓ గంట అడిగి చూస్తాను" అన్నాడు.

శ్రావణమాసంలో గంట వచ్చింది. గురువారం మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు వరకు సత్యవేణి కళ్ళు కడుక్కుని ఏడవవచ్చు. పైవాళ్ళు దయగానే ఇచ్చారు. కాని ఒక మనిషి కళ్ళు కడుక్కుంటే ఊరంతటికీ వాన ఆగుతుంది కాబట్టి ఊరికి తెలియజేయడం ధర్మం. బుధవారం సాయంత్రం మైకు పెట్టిన ఆటో వీధివీధీ తిరిగింది: "రేపు మూడు గంటలకు టైలరు సత్యవేణి గారు వాళ్ళ అక్కగారి గురించి ఏడుస్తారు. బట్టలు ఆరేసుకునేవాళ్ళు ఆరేసుకోవచ్చు. వడియాలు పెట్టుకునేవాళ్ళు పెట్టుకోవచ్చు."

నెలన్నరగా చినగాలిలంకలో ఏదీ ఆరలేదు. స్కూలు యూనిఫారాలు ముక్క వాసన కొడుతున్నాయి. తువ్వాళ్ళతో తుడుచుకుంటే ఇంకా తడుస్తున్నారు. గురువారం రెండున్నరకే మేడల మీద, దడుల మీద, ఆగి ఉన్న ట్రాక్టరు మీద తడి బట్టలు పరిచేసి, పైన ప్లాస్టిక్ పట్టాలు కప్పి, జనం వాటి కొసలు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డారు. కొందరు సత్యవేణికి మజ్జిగ పంపించారు.

మూడింటికి ఆమె అరుగు మీద కూర్చుని కొబ్బరినూనెతో రెప్పలు తుడుచుకుని, చన్నీళ్ళతో కడుక్కుంది. వాన ఆగింది. మబ్బు విడి ఎండ పడింది. ఊరంతా ఒక్కసారి పట్టాలు లాగిన చప్పుడయింది.

ఏడుపు రాలేదు. వీధి నిండా జనం, అందరి చూపూ ఆమె మీదే. ఏడవకపోతే రంగు వేయించేస్తారేమో, ఎండ పోతుందేమోనని వాళ్ళకు కంగారు. కోదండపాణి వాచీ చూసుకున్నాడు. గంగరాజు దగ్గరికి వచ్చి, "పోనీ, నేను మొదలెట్టనా?" అని అడిగాడు. పుల్లమ్మత్త అతన్ని పక్కకు నెట్టి, వచ్చి ఆమె ముందు నిలబడింది. ఏమనాలో తెలియక, కడిగిన ఆ మొహాన్ని సరిగ్గా చూద్దామని, ఎడంచేత్తో గడ్డం పట్టుకుని పైకెత్తింది.

అంతే, వచ్చేసింది. మొదట శబ్దం లేకుండా వచ్చింది, తర్వాత శబ్దంతో వచ్చింది. నెలన్నర ఆగిన ఏడుపు. ఇంక తన గడ్డం పట్టుకునేవాళ్ళు లేరని ఏడ్చింది. ఒక్కసారైనా నవ్వకుండా కూర్చుని అక్కకు పని తేలిక చేయలేదని ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ మేడల మీద ఆడవాళ్ళు చాలామంది పైకి చూశారు.

నాలుగయ్యేసరికి సత్యవేణి తేలికపడింది. ముక్కు చీది, కొంగుతో తుడుచుకుని, రంగు డబ్బా తెమ్మని గంగరాజుకి చెప్పింది. చాలా రోజుల తర్వాత ఆకలిగా కూడా అనిపించింది.

మేడ మీద నుంచి ఎవరో మొహమాటంగా పిలిచారు. "సత్యవేణమ్మా, దుప్పట్లు ఇంకా సగం తడిగానే ఉన్నాయే. ఇంకొంచెంసేపు ఏడవగలవా?"

సత్యవేణి కోదండపాణి వైపు చూసింది. కోదండపాణి వాచీ వైపు చూశాడు. తర్వాత దడి మీద ఆరుతున్న తన రెండు ప్యాంట్ల వైపు చూశాడు. "పావుగంట నా చేతిలో ఉంటుందమ్మా" అన్నాడు.

అక్క గురించినది అయిపోయింది. అది పూర్తిగా, మనసారా అయిపోయింది, దాన్ని మళ్ళీ కదపడం ఆమెకు ఇష్టం లేదు. వేరే ఏముందా అని వెతుక్కుంది. పెద్దగా వెతకాల్సిన పని లేకపోయింది. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చినా చదువు మాన్పించిన రోజు ఒకటి అట్టడుగున మడతపెట్టి ఉంది. అది తీసి ఏడ్చింది. దుప్పట్లు ఆరాయి.

తర్వాతి వారం పెళ్ళివారు వచ్చారు. ఇద్దరు ముత్తైదువులు పద్ధతి ప్రకారం సత్యవేణికి బొట్టు పెట్టి, పళ్ళూ తాంబూలమూ చేతిలో పెట్టి, "ఆదివారం పదిన్నరకి ముహూర్తం అమ్మా. పందిరి తడవకుండా నువ్వొచ్చి ఏడ్చి పెట్టాలి. శుభకార్యం కదా, పందిరి వెనకాల కుర్చీ వేయిస్తాం. ఎవరికీ కనపడవులే" అన్నారు. పెద్దావిడ ఇంకా ఏదో అడగాలని ఆగి, గొంతు తగ్గించింది. "ఏడవడానికి ఇంకా ఏవన్నా మిగిలి ఉన్నాయా తల్లీ?"

గంగరాజు గుమ్మంలో నిలబడి నవ్వాడు. "దానికేం ఉంటాయండి? ఏ లోటూ లేకుండా చూసుకుంటన్నాను" అన్నాడు.

సత్యవేణి అప్పుడే రంగు వేసుకోవడం ముగించింది. ఎడమ కంటి గీత ఆ రోజు నిటారుగా వచ్చింది. బయట వాన కూడా నిటారుగా, ఎవరి వరండానూ తడపకుండా పడుతోంది. ఆమె అద్దం పక్కన పెట్టి కాసేపు లెక్క చూసుకుంది.

"ఉన్నాయండి" అంది. "భోజనాలయ్యేదాకా కావాలా, అప్పగింతల దాకానా?"